కొండవాలు ఇంటికి డెక్ కట్టుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అరకు, పాడేరు, లంబసింగి, మారేడుమిల్లి వైపు హోమ్‌స్టేలు పెరిగే కొద్దీ డెక్ (కాళ్ళ మీద నిలబెట్టి చెక్క పలకలు పరిచిన అరుగు) గురించి అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. అందుకే ఒకచోట పెట్టాం. లెక్కలన్నీ ఒకే నమూనాకి: 16 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, లోయ వైపు నేల నుంచి 6 అడుగుల ఎత్తు. మీ కొలతలు వేరైతే అంకెలు మారతాయి, పద్ధతి మారదు.

## మొదలుపెట్టే ముందు

మాది గిరిజనేతర కుటుంబం. అరకులో స్థలం లీజుకు తీసుకుని డెక్ ఉన్న కాటేజీ కట్టుకోవచ్చా?

కుదరదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో 1959 నాటి భూ బదలాయింపు నిబంధన, దానికి 1970లో వచ్చిన సవరణ (అందరూ 1/70 అనేది ఇదే) ప్రకారం గిరిజనేతరులకు భూమి బదలాయించడం చెల్లదు. అమ్మకం ఒక్కటే కాదు, లీజు, తనఖా, బహుమతి కూడా బదలాయింపు కిందికే వస్తాయి. ‘స్టాంపు కాగితం మీద రాసుకుందాం’ అని ఎవరైనా అంటే, ఆ కాగితాన్ని నమ్మి పునాదిలో పోసిన కాంక్రీటు మీది కాదని ముందే అనుకోండి. సొంత భూమి ఉన్న గిరిజన కుటుంబాలు పంచాయతీ అనుమతితో కట్టుకోవచ్చు.

డెక్ ఎందుకు? వాలు కోసి చదును చేసి బండలు పరిస్తే చవక కదా?

మొదటి ఏడాది చవకే. వాలు కోస్తే పైవైపు నిలువు గట్టు మిగులుతుంది, కోసిన మట్టి కిందివైపు పోస్తే అది వదులు మట్టిగా ఉండిపోతుంది. తూర్పు కనుమల్లో చాలాచోట్ల ఉన్నది ఖోండలైట్ శిల. అది శిథిలమై ఎర్రమట్టి అవుతుంది. ఎండలో గునపం దిగనంత గట్టిగా ఉండే ఈ మట్టే నాలుగు రోజుల ముసురుకి మెత్తబడుతుంది. అప్పుడు గట్టు జారుతుంది, పోసిన మట్టి కుంగి బండలు నోళ్ళు తెరుస్తాయి. దీనికి మందు అడ్డుగోడ. సరైన అడ్డుగోడ ఖర్చు డెక్ ఖర్చును దాటిపోవచ్చు.

డెక్ అంటే పొలంలో మంచె లాంటిదే. వాలును కదపకుండా కాళ్ళ మీద నిలబడుతుంది, వాన నీరు కిందనుంచి తన దారిన పోతుంది.

ఏ నెలలో మొదలుపెట్టాలి?

డిసెంబరులో. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు, అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు. డిసెంబరుకి నేల తేరుకుంటుంది, ఊట ఎక్కడుందో ఇంకా కనిపిస్తూ ఉంటుంది. ఏప్రిల్‌లో తవ్వితే ఆ ఊట దాక్కుంటుంది. జనవరిలో ఫుటింగులు (స్తంభాల కింది కాంక్రీటు పునాదులు), ఫిబ్రవరిలో ఫ్రేమ్ (పలకలను మోసే చట్రం), మార్చి, ఏప్రిల్‌లో పలకలు, మే మొదటికి నూనె పూత. చలి ఎక్కువైన రాత్రుల్లో కాంక్రీటు నెమ్మదిగా గట్టిపడుతుంది. లంబసింగి లాంటి చోట పోసిన రాత్రి గోనెసంచులు కప్పి, 7 రోజులకు బదులు 10 రోజులు తడపండి.

ఇంజినీరు లేకుండా మేస్త్రీతో కట్టించుకోవచ్చా?

లోయ వైపు ఎత్తు 6 అడుగులు దాటినా, వాలు రెండడుగులకు ఒక అడుగు కన్నా ఎక్కువ దిగుతున్నా, పైన కప్పు వేస్తున్నా ఇంజినీరు చూడాల్సిందే. అంతకు తక్కువైతే మంచి మేస్త్రీ, మంచి వెల్డరు చాలు.

ఎంత బరువుకు లెక్క వేయాలి?

చదరపు మీటరుకు 300 కిలోలు. బాల్కనీలకు మన ఐఎస్ 875 ప్రమాణం చెప్పే కనీస భారం ఇదే. 16×12 డెక్ సుమారు 17.8 చదరపు మీటర్లు, కాబట్టి మనుషులు, సామాను కలిపి 5.3 టన్నులు. ఫ్రేమ్, పలకల సొంత బరువుకు ఇంకో 1.2 టన్నులు వేసుకుంటే మొత్తం ఆరున్నర. ఇంటి ముందు పదిమంది కూర్చునే అరుగుకి ఇంత ఎందుకని అడుగుతారు. సూర్యోదయం చూడడానికి ముప్పైమంది ఒకే రెయిలింగ్ దగ్గరకు చేరే రోజు కోసం.

## నేల, పునాది

గుంతలు ఎంత లోతు తవ్వాలి?

వాలు మీద లోతును నిలువుగా మాత్రమే కొలిస్తే తప్పు. ఫుటింగ్ కింది అంచు నుంచి లోయ వైపు అడ్డంగా కొలవండి. మట్టి అయితే వాలు ముఖం కనీసం 90 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, గట్టి రాయి అయితే 60. ఇది ఐఎస్ 1904 చెప్పే లెక్క. వాలు అడుగుకి అడుగు దిగుతుంటే, ఈ ఒక్క నియమం వల్లే లోయ వైపు అంచు దగ్గర 3 అడుగుల లోతు వస్తుంది. వాలు తక్కువైనా 3 అడుగులకు తగ్గకపోవడం మంచిది.

లోతు కన్నా ముఖ్యం, తగిలిన మట్టి అసలుదేనా అన్నది. ఇల్లు కట్టినప్పుడు చదును చేసిన మట్టి అంచునే డెక్ వస్తుంది, అంటే చాలావరకు పోసిన మట్టి మీదే. గుంతలో పాలిథిన్ ముక్క, ఇటుక పెళ్ళ, బొగ్గు, రెండు రంగులు కలిసిన మట్టి కనిపిస్తే ఇంకా దిగాలి. ఒకే రంగు మట్టి తగిలి, గునపం దెబ్బకు రెండంగుళాలు కూడా దిగని చోట ఆగండి.

గుంత తవ్వితే రాత్రికి రాత్రి నీళ్ళూరుతున్నాయి. ఏం చేయాలి?

ఆ గుంతలో కాంక్రీటు పోయకండి. ఊట ఉన్న గీతను తప్పించి స్తంభాన్ని మూడు, నాలుగడుగులు జరపగలిగితే అదే ఉత్తమం. దూలం ఒకవైపు కాస్త పొడవవుతుంది, అంతే. జరపలేకపోతే, డెక్‌కు ఎగువన అడుగు వెడల్పు, రెండడుగుల లోతు కాలవ తవ్వి, అడుగున చిల్లుల పైపు, దాని మీద 20 ఎంఎం కంకర వేసి, నీటిని పక్కకు మళ్ళించండి. కాలవను డెక్ కిందకు తేవద్దు. నెల ఆగి గుంత ఆరిందో లేదో చూసి అప్పుడు పోయండి.

ఫుటింగులు దిగిపోయిన డెక్‌లను చూస్తే చాలాసార్లు పైకప్పు నీరు పడే చోటో, వంటింటి మురుగు వదిలే చోటో స్తంభం ఉంటుంది. కాంక్రీటు నాణ్యతను అనుమానించే ముందు నీరు ఎటు పోతోందో చూడండి.

సిమెంటు, రాడ్డు ఎంత తెచ్చుకోవాలి?

ఆరు స్తంభాలు, మూడేసి చొప్పున రెండు వరుసలు. మధ్య స్తంభం మీద 1.6 టన్నులు, మూల స్తంభం మీద 0.8 టన్నులు పడతాయి. ఫుటింగ్ 2×2 అడుగులు, మందం అడుగు. దాని మీద అడుగు చదరం పెడస్టల్ (స్తంభం కూర్చునే కాంక్రీటు దిమ్మె) సుమారు రెండున్నర అడుగులు. ఈ కొలతకు మధ్య స్తంభం కింద నేల మీద, ఫుటింగ్ సొంత బరువు కాకుండా, చదరపు మీటరుకు సుమారు నాలుగున్నర టన్నులు పడుతుంది. అసలు మట్టి, నీరు నిలవని చోటు అయితే మోస్తుంది.

ఒక్కోదానికి ఆరున్నర ఘనపుటడుగులు, మొత్తం 39, అంటే 1.1 ఘనపు మీటర్లు. 1:1½:3 పాళ్ళకు (సిమెంటు, ఇసుక, కంకర) 9 బస్తాల సిమెంటు, అడుగున పీసీసీకి (రాడ్డు లేని కాంక్రీటు పొరకు) ఇంకో 2. ఫుటింగ్‌లో 10 ఎంఎం రాడ్డు ఆరంగుళాల జాలీ, పెడస్టల్‌లో 12 ఎంఎం రాడ్లు నాలుగు, 8 ఎంఎం రింగులు ఆరంగుళాలకొకటి. పెడస్టల్ తల నేలకు ఆరంగుళాలు పైన ఉండాలి. స్తంభం చుట్టూ నీరు జారిపోయేలా తల అంచులను వాలుగా రుద్దించండి.

ఘాట్ రోడ్డెక్కాక బస్తా తక్కువైతే పని ఆగుతుంది, ఎక్కువైతే మంచుకు గడ్డకడుతుంది. అందుకే ఈ ఒక్క లెక్కా ముందే సరిగ్గా వేసుకోండి.

ఇంటి గోడకు దూలం బిగించేస్తే ఒక వరుస స్తంభాలు మిగులుతాయి కదా?

మిగులుతాయి, గోడ మాత్రం మిగలకపోవచ్చు. ఇటుక గోడలో, అంతకన్నా మట్టితో కట్టిన రాతిగోడలో, యాంకర్ బోల్టు పట్టు నమ్మదగింది కాదు. మనుషులు నడిచినప్పుడల్లా కదిలి, రంధ్రం పెద్దదై ఒకరోజు ఊడివస్తుంది. దూలానికీ గోడకూ మధ్య చేరిన నీరు గోడలోకి దిగి లోపల చెమ్మ పడుతుంది. డెక్‌ను దాని కాళ్ళ మీదే నిలబెట్టి, గోడకూ దానికీ మధ్య అంగుళం నుంచి రెండంగుళాలు ఖాళీ వదలండి. కాంక్రీటు బీముకు కెమికల్ యాంకర్లతో (జిగురు రసాయనంతో అతికించే బోల్టులతో) బిగించడం ఒక్కటే దీనికి మినహాయింపు, అదీ ఇంజినీరు చూశాక.

గడప కన్నా డెక్ ఎంత కిందికి ఉండాలి?

4 అంగుళాలు. సమంగా ఉంటే చూడ్డానికి బాగుంటుంది, ఈదురు వానలో నీరు గదిలోకి వస్తుంది.

స్తంభాలు ఇనుపవే కదా, చెదలు ఎలా ఎక్కుతాయి?

ఇనుమును తినవు, దాని మీద మట్టి గొట్టం కట్టుకుని చెక్క దాకా పోతాయి. కాపలా మీ కళ్ళే. పెడస్టల్ ఆరంగుళాలు బయటికి కనిపిస్తూ ఉంటే మట్టి గొట్టం వెంటనే తెలుస్తుంది. దాని చుట్టూ పూలకుండీలు, వంటచెరకు పేర్చితే ఆ పని చెడుతుంది. మందు వేయాలంటే 30.5 శాతం ఇమిడాక్లోప్రిడ్‌ను లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్ల చొప్పున కలిపి, గుంత పూడ్చేటప్పుడు మట్టి పొరలకు పట్టించాలి. దగ్గర్లో ఊటబావి, గెడ్డ ఉంటే మందు మానండి. తాగే నీరు అక్కడిదే.

## ఫ్రేమ్

ఫ్రేమ్ చెక్కతో చేయాలా, ఇనుముతోనా?

కింద ఇనుము, పైన చెక్క. ఆరు నెలలు తడిసే కొండ మీద పెద్ద దూలాలకు సరిపడా చేవ ఉన్న కర్ర దొరకడం కష్టం. దొరికినా ఘాట్ ఎక్కించి నిలబెట్టడం ఇంకో కష్టం. చెక్క స్తంభాన్ని నేరుగా కాంక్రీటులో పాతడం మాత్రం ఎప్పుడూ వద్దు. కర్ర ఆరి కుంచించుకున్నప్పుడు చుట్టూ వచ్చే సందులో నీరు నిలిచి, సరిగ్గా నేలమట్టం దగ్గర కుళ్ళుతుంది.

డెక్ మీద నడిస్తే ఊగుతోంది. ఎక్కడ తప్పు జరిగింది?

జాయిస్టు (దూలాల మీద, పలకల కింద వరుసగా వేసే అడ్డకమ్మి) మందం దగ్గర కాదు, ఎత్తు దగ్గర. 9 అడుగుల దూరానికి 80×40×3 ఎంఎం బాక్సు (డొల్ల ఇనుప గొట్టం) వేస్తే పూర్తి భారంలో నడుమ దాదాపు 10 ఎంఎం వంగుతుంది. విరగదు, కానీ టీ కప్పు వణుకుతుంది. అదే 100×50×3 వేస్తే వంపు సగానికి, 5 ఎంఎంకి పడిపోతుంది. కొత్తగా కట్టేవారు దూలానికి ఐఎస్ఎంసీ 125 చానెల్ (125 ఎంఎం ఎత్తు, సీ ఆకారపు ఇనుము), జాయిస్టులకు 100×50×3 బాక్సు 16 అంగుళాలకొకటి, స్తంభాలకు 100×100×4 బాక్సు వేయండి. దూలాలను అంచు నుంచి అడుగున్నర లోపలికి పెడితే జాయిస్టు దూరం 9 అడుగులే అవుతుంది. రెయిలింగ్ కాకుండా మొత్తం ఇనుము 600 కిలోల చిల్లర.

ఇప్పటికే ఊగుతున్న డెక్‌కు మధ్యలో ఇంకో దూలం, మూడు స్తంభాలు కింద నుంచి చేర్చడమే మార్గం. పైన పలకలు మందం చేస్తే బరువు పెరుగుతుంది, ఊపు తగ్గదు.

రెడ్ ఆక్సైడ్, ఎనామిల్ వేస్తే చాలదా? గాల్వనైజింగ్ ఎందుకు?

బాక్సు సెక్షన్ లోపలికి బ్రష్ వెళ్ళదు. తుప్పు పట్టేది లోపలే. మంచు రాత్రంతా పైపులో చెమ్మగా దిగి, అడుగున నిలుస్తుంది. జింకు తొట్టిలో ముంచే హాట్ డిప్ పద్ధతిలో లోపలా బయటా పూత పడుతుంది. ముక్కలన్నీ కోసి, రంధ్రాలు వేసి, విశాఖ లాంటి చోటికి పంపి ముంచి తెచ్చి, ఇక్కడ బోల్టులతో బిగించుకోండి. ఇక్కడికొచ్చాక వెల్డింగ్ చేస్తే అతికిన చోట పూత కాలిపోతుంది.

ఒక జాగ్రత్త వెల్డరుకు తప్పకుండా చెప్పండి. రెండు వైపులా మూసేసిన బాక్సును జింకు తొట్టిలో ముంచితే లోపలి గాలి, చెమ్మ వేడికి వ్యాకోచించి పేలుతుంది. ప్రతి మూసిన ముక్కకు చివర్ల దగ్గర 10 నుంచి 12 ఎంఎం రంధ్రాలు ఎదురెదురుగా ఉండాలి.

కొండ వైపు స్తంభాలు రెండడుగులే, లోయ వైపువి ఆరడుగులు. క్రాస్ (ఏటవాలు కడ్డీలు) కట్టాల్సింది పొడుగువాటికేనా?

అందరూ అలాగే అనుకుంటారు. నిజానికి డెక్ అడ్డంగా కదిలినప్పుడు పొడుగు స్తంభాలు కాస్త వంగి ఊరుకుంటాయి, ఆ బలమంతా గట్టిగా ఉండే పొట్టి స్తంభాల మీద పడుతుంది. ముందు పగిలేది పొట్టి స్తంభం కింది పెడస్టలే. పొడుగు స్తంభాల మధ్య 50×50×5 యాంగిల్‌తో రెండు దిక్కులా క్రాస్ కడితే బలం పంచుకుంటాయి. పొట్టివాటి బేస్ ప్లేటు 8 అంగుళాల చదరం, 10 ఎంఎం మందం, కాంక్రీటులో అడుగు లోతు దిగిన నాలుగు 16 ఎంఎం బోల్టులతో ఉండాలి. మూలకొకటి కాకుండా మధ్యలో రెండే బోల్టులు వేస్తే పట్టు ఉండదు.

## పలకలు

మా కాఫీ తోటలో సిల్వర్ ఓక్ చెట్లున్నాయి. వాటినే కోయించి పలకలు చేయించవచ్చా?

ఇంటి లోపల బల్లలకు సరే, డెక్‌కు వద్దు. వానకు, చెదలకు తట్టుకునే చేవ దానిలో లేదు. జామాయిల్ కూడా అంతే, ఆరేటప్పుడు మెలితిరిగి స్క్రూలను పీకేస్తుంది.

మరి ఏ చెక్క మంచిది?

టేకు, వేగి, నల్లమద్ది. ఏదైనా చేవ భాగం మాత్రమే. టేకు అని అమ్మే పలకలో అంచున లేతరంగు చెక్క అంగుళం ఉంటే ఆ అంగుళం మామూలు కర్రే, చెదలు అక్కడే మొదలుపెడతాయి. నల్లమద్ది బరువు, బలం ఎక్కువ, ఎండలో ఆరబెడితే పగుళ్ళిస్తుంది. మూడు నెలల ముందే కొని, నీడలో, మధ్యన అంగుళం పుల్లలు పెట్టి పేర్చి, చివర్లకు మైనమో రంగో పూసి ఆరబెట్టండి. తేమ 12 నుంచి 16 శాతానికి వచ్చాక బిగించండి. కొన్న చోట బిల్లు, అటవీ శాఖ రవాణా పర్మిట్ తీసుకోకుండా బండి కదిలించవద్దు.

డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే పలక) వేస్తే ఏ గొడవా ఉండదంటున్నారు. నిజమేనా?

చెదల గొడవ తగ్గుతుంది. వేరేవి వస్తాయి. లోపల డొల్లగా ఉండే రకం చివర్లలో నీరు, చీమలు చేరతాయి, కాబట్టి గట్టి రకమే కొనండి. ఇది వేడికి పొడవులో సాగుతుంది. 8 అడుగుల పలక చలి ఉదయానికీ మండే మధ్యాహ్నానికీ 4 ఎంఎం దాకా మారుతుంది. చివరల మధ్య 5 ఎంఎం వదలకపోతే విల్లులా లేస్తుంది. జాయిస్టులు 16 అంగుళాలకు కాదు, 12 అంగుళాలకొకటి కావాలి. అంటే చెక్కలో మిగిలిన డబ్బు ఇనుములో పోతుంది.

పలకల మధ్య ఎంత సందు? ఎన్ని పలకలు, ఎన్ని స్క్రూలు?

ఆరిన చెక్కకు 6 ఎంఎం. సందు లేకుండా బిగిస్తే జూలైలో ఉబ్బి ఒకదాన్నొకటి పైకి తోసుకుంటాయి. పచ్చి చెక్క కొని సందు వదిలితే ఎండాకాలానికి అది రెట్టింపై కుర్చీ కాలు దిగబడుతుంది.

140 ఎంఎం పలక, 6 ఎంఎం సందు: 12 అడుగుల వెడల్పుకు 25 వరుసలు. వరుసకు రెండు 8 అడుగుల ముక్కలు, మొత్తం 50. తరుగుకు 5 కలపండి. అతుకు వచ్చే చోట జాయిస్టు జంటగా వేస్తే 14 జాయిస్టులు, ప్రతి కూడలికి రెండు స్క్రూలు, మొత్తం 700. 800 కొనండి.

స్క్రూ 10 గేజి, 60 ఎంఎం, స్టెయిన్‌లెస్ 304. నల్ల డ్రైవాల్ స్క్రూలు వేస్తే ఒక్క వానాకాలానికే తుప్పుపట్టి, టేకు మీద నల్లటి చారలు పెడతాయి. చెక్కకూ ఇనుముకూ ముందే రంధ్రం వేయండి. జాయిస్టు నెత్తిన బ్యూటైల్ టేపు అంటిస్తే స్క్రూ దూరిన చోట నీరు దిగదు. పలక కోసిన ప్రతి చివరకూ బిగించే ముందే నూనె పట్టించాలి. నీరు చెక్కలోకి ముఖ్యంగా వెళ్ళేది చివర నుంచే.

## రెయిలింగ్

రెయిలింగ్ ఎంత ఎత్తు? దృశ్యం కనిపించాలని తీగలు లాగిస్తే?

నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం 1 మీటరు నుంచి 1.2 మీటర్లు. లోయ వైపు 1.1 పెట్టండి. నిలువు ఊచల మధ్య 100 ఎంఎం కన్నా తక్కువ ఉండాలి, పిల్లల తల దూరకూడదు. అడ్డ తీగలు పిల్లలకు నిచ్చెన అవుతాయి, ఏడాదికి వదులవుతాయి. దృశ్యం కూర్చున్నప్పుడు కావాలి కాబట్టి నల్లరంగు నిలువు ఊచలు కంటికి పెద్దగా అడ్డు రావు.

రెయిలింగ్ స్తంభాన్ని పలకకు స్క్రూలతో బిగించడం ప్రమాదకరం. కింద జాయిస్టుకే రెండు 12 ఎంఎం బోల్టులతో పట్టించాలి. మీటరు పొడవుకు 75 కిలోల తోపుకు నిలిచేలా కట్టించి, అతిథులు రాకముందు ఇద్దరు పెద్దవాళ్ళతో తోయించి చూడండి.

## వాడుక, కాపాడుకోవడం

డెక్ మీద థింసా ఆడించవచ్చా?

వద్దు. ఇరవైమంది చేయీచేయీ పట్టుకుని ఒకే అడుగు వేస్తే అది నిలిచిన బరువు కాదు, తాళం తప్పని దెబ్బ. జనం గుమిగూడే చోట్లకు చదరపు మీటరుకు 500 కిలోల లెక్క వేస్తారు, ఇంటి డెక్ 300కి కట్టింది. థింసా నేల మీద ఆడేది, నేల మీదే అందం. డెక్ మీంచి చూడనివ్వండి.

వెయ్యి లీటర్ల నీళ్ళ ట్యాంకు ఒక మూలన పెట్టుకోవచ్చా?

నిండితే టన్ను, చదరపు మీటరు చోటులో. డెక్ మోసేదానికి మూడు రెట్లు. ట్యాంకుకు వేరే దిమ్మె కట్టండి.

క్యాంప్‌ఫైర్ పళ్ళెం పెట్టుకుంటే?

పళ్ళెం కింద ఇటుకలు పేర్చినా నిప్పురవ్వ సందుల్లోంచి కింద రాలిన ఆకుల్లో పడుతుంది. 15 అడుగుల దూరంలో నేల మీద పెట్టండి.

పైన రేకుల కప్పు వేద్దామనుకుంటున్నాం. ఇవే స్తంభాలు చాలవా?

బరువుకు చాలు, గాలికి అనుమానం. మూడు వైపులా తెరిచి ఉన్న కప్పు లోయ గాలికి గొడుగు లాంటిది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు మన్యంలోని కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లే కూలాయి. గాలి చదరపు మీటరుకు 100 కిలోల చొప్పున పైకి లాగినా 16×12 కప్పు మీద 1.8 టన్నులు. ఆరు ఫుటింగుల కాంక్రీటు బరువే రెండున్నర టన్నులు కాబట్టి పునాది లేవకపోవచ్చు. తెగేది మధ్యలోని అతుకులు: రేకు హుక్కు, పర్లిన్ (రేకుల కింది అడ్డకమ్మి) వెల్డింగ్, బేస్ ప్లేటు బోల్టు. కప్పు కావాలంటే ముందే చెప్పి ఆ అతుకులన్నీ లెక్క వేయించండి.

నాచు పట్టి జారుతోంది. గాడులున్న పలకలు వేస్తే తగ్గుతుందా?

తగ్గదు. గాడిలో నీరు, దుమ్ము నిలిచి నాచు అక్కడే ముందు పుడుతుంది. నునుపు పలకను గట్టి కొబ్బరిపీచు బ్రష్‌తో, లీటరు నీటికి రెండు చెంచాల చాకలి సోడా వేసి రుద్ది కడగడం మేలు. వానాకాలంలో మూడు వారాలకోసారి. బ్లీచింగ్ పౌడరు స్క్రూలను తినేస్తుంది. డెక్ మీదకు వంగిన కొమ్మ కొట్టేసి రెండు గంటల ఎండ పడనిస్తే సగం నాచు రానే రాదు.

వార్నిష్ ఏడాదికే పొట్టులా లేచిపోయింది. ఏది వేయాలి?

పైన పొరలా నిలిచే వార్నిష్, పీయూ (పాలియురెథేన్ పూత) రెండూ బయట నిలవవు. చెక్క ఉబ్బి తగ్గినప్పుడు పొర చిట్లి, నీరు కిందకు దూరి బయటికి రాలేదు. లోపలికి ఇంకే డెక్ ఆయిల్ వాడండి, కాస్త రంగు కలిసినదైతే ఎండకు ఆగుతుంది. పచ్చి అవిసె నూనె ఒక్కటే రాస్తే బూజు దాన్ని తిని నల్లబడుతుంది. మొదట రెండు పూతలు, తర్వాత ఏటా ఏప్రిల్‌లో ఒకటి. పాత వార్నిష్‌ను పూర్తిగా గీకకుండా నూనె రాసినా ఇంకదు.

ఏటా ఏమేం చూసుకోవాలి?

మే నెలలో ఒకసారి, వానలు వెళ్ళాక డిసెంబరులో ఒకసారి డెక్ కిందకు దూరండి. పైనుంచి చూస్తే ఏదీ తెలియదు. ఎగువ కాలవలో ఆకులు తీసేయండి. ప్రతి బోల్టుకూ స్పానర్ పెట్టి చూడండి. మొదటి ఏడాది కొన్ని వదులవడం సహజం, రెండో ఏడాదీ అదే బోల్టు వదులైతే ఆ స్తంభం దిగుతోందని అనుమానించండి. పారదర్శక గొట్టంలో నీళ్ళు నింపి ఆరు స్తంభాల మట్టం కొలిచి, స్తంభం మీదే మార్కరుతో తేదీ, కొలత రాసుకోండి. ఏడాదిలో 10 ఎంఎం తేడా వస్తే డెక్ వాడకం ఆపి, ఆ ఫుటింగ్ పక్కన నీరెక్కడి నుంచి వస్తోందో వెతకండి.